క్యాపుకు బదులు బుడ్డి

పిన్ని వేళ్లు సన్నం. ఆమె బతుకంతా ఆ సన్నదనం మీదే నడిచింది.

అన్న రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని మోటారు సైకిళ్లు బాగుచేసేవాడు. పదమూడో ఏట ఆమె అన్నం క్యారియర్ పట్టుకెళ్లి, అతను తినేదాకా విరిగిన స్టూలు మీద కూర్చుని ఇంజన్ల వంక చూస్తూ ఉండేది. పెట్రోలూ గాలీ కలిపి ఇంజనుకు పంపే కార్బొరేటర్ వెనక, అది ఇంజనును అతుక్కునే చోట, పెన్సిలంత గొట్టం ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ గొట్టం మూతికి నల్ల రబ్బరు క్యాపు. చిటికెన వేలి చివరంత ఉంటుంది. అది ఎండకూ వేడికీ పగిలితే ఇంజను ఆ కంతలోంచి దొంగగాలి పీలుస్తుంది. చేత్తో యాక్సిలరేటర్ వదిలేసినా బండి అరుస్తూనే ఉంటుంది, రేజ్ దిగదు.

అన్న వేళ్లు లావు. ఆ క్యాపు మార్చాలంటే అతను సగం బండి ఊడదీయాలి. ఒకరోజు విసుగొచ్చి, స్పానర్ అడిగినంత మామూలుగా, "ఏయ్, నీ వేళ్లు ఓసారి ఇటియ్యి" అన్నాడు. ఆమె సందులోకి చెయ్యి పోనిచ్చి, చూడకుండానే, పగిలిన క్యాపు లాగేసి కొత్తది తొడిగింది. బండి గుక్కపట్టి ఏడ్చి ఏడ్చి ఊరుకున్న పిల్లలా దిగింది. ఆ రోజు అరువిచ్చిన వేళ్లు మళ్లీ ఆమెకు తిరిగి రాలేదు.

అన్న ఆమెకు నేర్పింది ఒకటే మాట. "బండి రేజ్ దిగకపోతే ఇంజను వేగం తగ్గించే స్లో స్క్రూ తిప్పి పంపేవాడు మెకానిక్ కాదు. అది జ్వరం చూసి థర్మామీటరు విరగ్గొట్టడం. క్యాపు చూడు. పగిలితే మార్చు. అంతే."

రోడ్డు వెడల్పు చేసినప్పుడు అన్న షెడ్డు పోయింది. అన్న గోదాములో కాపలాకి చేరాడు. ఆమె రక్తపరీక్షల ల్యాబులో బండ్లు బాగుచేసే పనికి చేరింది.

ఆ ల్యాబుకు ఇరవై ఆరు మోటారు సైకిళ్లు ఉన్నాయి. రైడర్లు పొద్దున్నే ఇంటింటికీ వెళ్లి జనం చేతుల్లోంచి రక్తం తీసి, చల్లటి పెట్టెలో పెట్టి తెస్తారు. ముందు హాలంతా అద్దాలు. గోడ మీద మూడు చోట్ల 'శుభ్రతే మా ఊపిరి' అని రాసి ఉంటుంది. ఊదారంగు కుర్చీలు, గాల్లో నిమ్మవాసన. వెనక తలుపు తీస్తే ఆ నిమ్మవాసన గడప దాటదు. అక్కడ జనరేటరు, దాని పక్కన వాడేసిన సూదులూ గొట్టాలూ దూదీ నింపిన ఎర్ర సంచుల గుట్ట, ఆ గుట్టను ఆనుకుని పిన్ని షెడ్డు. సంచులు పట్టుకెళ్లే వ్యాను వారానికోసారి రావాలి. వచ్చిన వారం వచ్చినట్టు, రాని వారం రానట్టు. ఎండ ముదిరితే ఆ సంచుల అడుగునుంచి గోధుమరంగు నీళ్లు కారి, షెడ్డు గట్టు మీదుగా పాకి, రైడర్లు అన్నం తినే బెంచీ కాళ్ల దాకా వచ్చేవి. ఈగలు రక్తం మీద వాలి లేచి, అన్నం మీద వాలేవి. ఎవరైనా నోరు తెరిచి అంటే మేనేజరు నవ్వేవాడు. "మనది ల్యాబు కదమ్మా, పూలకొట్టు కాదు."

అందరూ ఆమెను పిన్ని అనేవాళ్లు. ఆమె కంటే పదేళ్లు చిన్నవాడైన మేనేజరు కూడా పిన్నీ అనే పిలిచేవాడు, 'నువ్వు' అని కలిపి. వరస కలిపినంత మాత్రాన మర్యాద కలపాలని లేదు కదా.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. తర్వాత జరిగిన రోతకంతటికీ మొదటి చెయ్యి పిన్నిదే.

ఏడేళ్ల కిందట, వానాకాలం, మధ్యాహ్నం. ఒక రైడరు అర్జెంటుగా ఆసుపత్రికి వెళ్లాలి. బండి చూస్తే క్యాపు చీలిపోయింది. పిన్ని స్టోరుకు పరిగెత్తింది. స్టోరు చూసే పెద్దాయన్ని అందరూ తాళాల బాబాయి అంటారు. నడుముకు ఇరవై తాళంచెవులు కట్టుకుని, ఏదడిగినా ముందు తాళంచెవులు గలగలలాడించి తర్వాత లేదనడం ఆయన పద్ధతి.

"క్యాపుల్లేవు పిన్నీ. ఇండెంటు పెట్టాం. ఎప్పుడొస్తాయో ఆ పైవాళ్లకే తెలియాలి."

"బండి బయట నిలబడుంది బాబాయ్."

"నేనేం రబ్బరు చెట్టునా?"

ఆమె తిట్టుకుంటూ వెనక్కి వస్తుంటే, చెత్తడబ్బా పైన కనిపించింది. ల్యాబులో చుక్కలు వేసే గాజు గొట్టాల తలకు ఉండే రబ్బరు బుడ్డి. నొక్కితే పీల్చేది. ఆమె దాన్ని తీసి, కుళాయి కింద కడిగి, బ్లేడుతో సగానికి కోసి గొట్టానికి తొడిగింది. కొలిచి చేయించినట్టు కూర్చుంది. బండి దిగింది.

"సాయంత్రం దాకా ఆగితే చాలు" అంది రైడరుతో.

ఆ మాట మేనేజరు చెవిన పడింది. వచ్చి చూశాడు. చేతులు కలిపి చప్పట్లు కొట్టాడు. "చూశారా! బుర్రంటే ఇదీ!" అని పదిమందిని పిలిచాడు. వారం తిరక్కుండా పిన్ని ఫొటో నోటీసు బోర్డు ఎక్కింది. కింద 'పొదుపులో ఆదర్శం' అని రాశారు. పిన్ని ఆ బోర్డు ముందునుంచి వెళ్లినప్పుడల్లా చీరకొంగు సర్దుకునేది. పొగడ్త తెలియని మనిషికి పొగిడితే ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఆమెను తప్పుపట్టరు.

ఆ తర్వాత ఇండెంటు ఊసే లేదు. శనివారం శనివారం ల్యాబులోంచి ఒక పాలిథిన్ సంచి ఆమె బల్ల మీద పడేది. నిండా వాడేసిన బుడ్డీలు. కొన్నిట్లో లోపల ఎండిపోయిన గోధుమ మరక. కొన్నిట్లో ఇంకా ఎండని ఎర్ర చుక్క. ఎవరి రక్తమో, ఏ జబ్బో, అది దేవుడికీ రిపోర్టు కాగితానికీ మాత్రమే తెలుసు.

"కడిగి వాడుకో పిన్నీ" అన్నాడు మేనేజరు.

"చేతులకు గ్లౌజు ఇప్పించండి సార్."

"గ్లౌజు వేసుకుంటే నీ వేళ్లు లావైపోవూ? ఆ సందులోకి ఎలా దూరతాయి?" అని తన జోకుకు తనే నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. జీతమిచ్చేవాడి జోకుకు నవ్వు రాదు, తెచ్చుకుంటారు.

ఆ బుడ్డి రబ్బరుకూ పెట్రోలుకూ పడదని పిన్నికి మొదటి నెలలోనే తెలిసిపోయింది. మందునీళ్లు పీల్చడానికి చేసిన రబ్బరు అది. పెట్రోలు ఆవిరి తగిలితే ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, చివరికి నమిలి ఊసిన చూయింగ్ గమ్ములా సాగుతుంది. రెండు వారాలు దాటితే ఇంజను దాన్ని లోపలికి లాగేసుకుంటుంది, లేదంటే అదే జారి ఊడిపోతుంది. అందుకని రెండు వారాలకోసారి, సోమవారం పూట, ఇరవై ఆరు బండ్లకూ బుడ్డీలు మార్చడం మొదలుపెట్టింది. మార్చి, రిజిస్టరులో 'సరిగా ఉంది' అని సంతకం పెట్టేది. ఆ రిజిస్టరులో ఎక్కడా బుడ్డి అన్న మాట లేదు. అంతటా 'క్యాపు' అనే ఉండేది. అలా రాయమని చెప్పింది మేనేజరు. రాసింది పిన్ని.

అన్న నేర్పిన చదువు అలా చెత్తబుట్టలో పడింది. ఇంటికి వెళ్లాక బట్టల సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకుని గానీ అన్నం ముట్టుకునేది కాదు.

రెండేళ్ల కిందట కోడలు అదే ల్యాబులో రైడరుగా చేరింది. పిన్ని కొడుకు ప్రెస్సులో పనిచేస్తాడు, మాట తక్కువ. ఆ ఇంట్లో మాటలన్నీ అత్తాకోడళ్లవే. ఒకరినొకరు పొడుచుకోకుండా వాళ్లకు పూట గడవదు.

"అత్తా, నా బండికి మంచి బుడ్డి పెట్టు. షుగరు లేనోళ్లది చూసి పెట్టు."

"నీ నోటికి ముందు పెట్టాలి ఒకటి. రేజ్ అక్కడ దిగట్లేదు."

పరాచికాలాడుకుంటూనే ఇద్దరూ ఒకే సబ్బుతో చేతులు కడుక్కునేవాళ్లు.

బుడ్డీలు మార్చాల్సిన ఒక సోమవారం పిన్నికి జ్వరం. వారమంతా మంచం దిగలేదు. బుధవారం సాయంత్రం కోడలు చంకలో రిజిస్టరు పెట్టుకుని వచ్చింది.

"అత్తా, దీనిమీద సంతకం పెట్టు. లేకపోతే రేపు ఎవరికీ బండ్లు ఇవ్వరట. రైడర్లంతా నన్ను తింటున్నారు."

"బుడ్డీలు మార్చకుండా ఎట్లా పెడతానే?"

"రెండు రోజుల్లో వస్తావుగా. ఏడేళ్ల నుంచి ఏం కానిది ఈ రెండు రోజుల్లోనే అవుతుందా?"

పిన్ని కళ్లు మూతలు పడుతున్నాయి. దిండు మీదే రిజిస్టరు పెట్టుకుని ఇరవై ఆరు చోట్ల సంతకం పెట్టింది. చివరి పది సంతకాలు గీతల్లా ఉన్నాయి.

శుక్రవారం పొద్దున పదింటికి ఆసుపత్రి గేటు దగ్గర, స్పీడ్ బ్రేకర్ కనబడి కోడలు యాక్సిలరేటర్ వదిలింది. ఇంజను దిగలేదు సరికదా, గొంతు చించుకుని పైకి లేచింది. ఆమె బ్రేకు తొక్కింది. బండి ఒకపక్క ఆగబోతూ, ఒకపక్క తోసుకుపోతూ, స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరి, గేటు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న కాపలా తాతను తగిలింది. తాత కుర్చీతో సహా పక్కకు పడ్డాడు. కుడిచేతి మణికట్టు విరిగింది. కోడలి మోకాళ్లు దోక్కుపోయాయి. పెట్టె పగిలి పన్నెండు ఇళ్ల రక్తం రోడ్డు మీద ఒలికింది.

మధ్యాహ్నానికల్లా మేనేజరు కాగితం తయారుచేశాడు. 'రైడరు అజాగ్రత్త. వాహనం పూర్తి కండిషన్‌లో ఉంది. రిజిస్టరు చూడుడు.' కోడలి గుర్తింపు కార్డు లాక్కున్నారు. పోలీసులు కేసు రాసుకున్నారు. వాహనాల తనిఖీ అధికారి మంగళవారం వచ్చి బండి చూస్తాడు, ఆయన కూడా రైడరు తప్పే అని రాస్తే లైసెన్సు పోతుంది, కేసు మెడకు చుట్టుకుంటుంది. ఆ మాట చెప్పి మేనేజరు చేతులు దులుపుకున్నాడు.

సోమవారం పిన్ని ఒంట్లో ఓపిక లేకపోయినా షెడ్డుకు వచ్చింది. బండి మూల నిలబెట్టి ఉంది. పక్కన కూర్చుని సందులోకి చెయ్యి పోనిచ్చింది. గొట్టం మూతి బోసిగా ఉంది. దాని చుట్టూ జిగురు. చెయ్యి బయటికి తీసి చూసుకుంది. వేలికొసన నల్లగా, సాగుతూ, ముక్కు చీదినట్టు అంటుకుని ఉంది. అది తన ఏడేళ్ల తెలివితేటలని ఆమెకు అర్థమైంది.

వెనకనుంచి తాళంచెవుల చప్పుడు. మేనేజరు, ఆయన వెనక తాళాల బాబాయి. బాబాయి చేతిలో ఒక ప్యాకెట్టు, కంపెనీ సీలుతో. లోపల నల్లగా మెరుస్తున్న క్యాపులు.

"రేపటికల్లా ఆ బండికి ఇది తొడిగెయ్యి పిన్నీ" అన్నాడు మేనేజరు.

పిన్ని ఆ ప్యాకెట్టు వంకే చూసింది. "ఇవెక్కడివి?"

తాళాల బాబాయి తాళంచెవులు గలగలలాడించాడు. "స్టోరులోవే."

"ఎప్పటినుంచి?"

"నాలుగేళ్లవుతుందేమో."

"నాలుగేళ్లు! నేను ఆ రక్తం బుడ్డీలు గోళ్లతో గీరి గీరి కడుక్కుంటుంటే, ఇవి నీ బీరువాలో నిద్రపోతున్నాయా బాబాయ్?"

"అది కాదు పిన్నీ... ఎవరైనా తనిఖీకొస్తే స్టాకు చూపించాలి కదా. వాడేస్తే చూపించడానికేం ఉంటుంది?"

పిన్ని సీలు చింపి ఒక క్యాపు తీసింది. రెండు వేళ్ల మధ్య నొక్కింది. అది పుటుక్కున బిస్కట్టులా విరిగింది. ఇంకోటి నొక్కింది. అదీ అంతే. చీకట్లో, తాళం వెనక, ఒక్కరోజు కూడా పనిచెయ్యకుండానే అవి గట్టిపడి చచ్చిపోయాయి. రైడర్లకు ఉపయోగపడాల్సిన రబ్బరును, ఎవరికీ ఉపయోగపడకుండా జాగ్రత్తగా కుళ్లబెట్టడం కూడా ఒక ఉద్యోగమే కాబోలు. దానికీ నెలనెలా జీతముంది.

"ఛీ" అంది పిన్ని. అంతకంటే పెద్ద మాట ఆమెకు దొరకలేదు.

మేనేజరు మొహం ముడుచుకున్నాడు. "ఏదో ఒకటి అతికించు. ఒక్కరోజు ఆగితే చాలు."

పిన్నికి ఆ మాట ఎక్కడో విన్నట్టనిపించింది. విన్నదే. ఏడేళ్ల కిందట తన నోటినుంచే.

"తొడగను సార్" అంది.

మేనేజరు గొంతు తగ్గించాడు. తగ్గించినప్పుడే భయపడాలని అందరికీ తెలుసు. "ఆలోచించుకో. ఈ బుడ్డీలు మొదలెట్టింది ఎవరు? నీ ఫొటో ఇంకా బోర్డు మీదే ఉంది. రిజిస్టరులో సంతకం ఎవరిది? బండిదే తప్పని తేలితే ముందు నీ పేరే వస్తుంది. కోడలి తప్పంటే లైసెన్సుతో పోతుంది. చిన్నపిల్ల, ఇంకో పని చూసుకుంటుంది. నీకీ వయసులో ఇంకో షెడ్డు ఎవరిస్తారు?"

పిన్ని ఆ సాయంత్రం ఇంటికెళ్లేసరికి కోడలు మోకాళ్లకు మందు రాసుకుంటోంది. పిన్ని పక్కన చతికిలబడింది.

"నువ్వు ఇంకొంచెం ముందే బ్రేకు తొక్కుంటే..." అని పిన్ని మొదలుపెట్టింది. సగంలో తన గొంతు తనకే మేనేజరు గొంతులా వినబడి ఆగిపోయింది.

కోడలు మందు సీసా మూత పెట్టింది. "పూర్తి చెయ్యత్తా. వింటున్నా."

"ఏం లేదులే."

"బుడ్డి ఊడిపోయింది కదా?"

"ఊ."

"నాకు తెలుసు. పడిపోతున్నప్పుడే తెలుసు. ఆ అరుపు నీ పక్కన కూర్చుని ఎన్నిసార్లు వినలేదు?" కోడలు కాళ్లు చాపుకుంది. "రిజిస్టరు మోసుకొచ్చింది నేనే. అది కూడా తెలుసు. నీ మీద కోపం లేదత్తా. రోత మాత్రం ఉంది. రక్తం నేను తెస్తా, వాళ్లు పరీక్ష చేసి బుడ్డి పారేస్తారు, నువ్వు ఏరుకుని నా బండికే పెడతావు. వాళ్ల చెత్తనంతా మనిద్దరమే తిప్పి తిప్పి మోస్తున్నాం. మళ్లీ ఫొటో ఒకటి!"

"ఆ ఫొటో మాటెత్తకు."

"అందులో బాగానే ఉన్నావులే. కొంగు మాత్రం వంకర."

పిన్నికి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. లేచి వెళ్లి చేతులు కడుక్కుంది. రాత్రి అన్నానికి ముందు ఇంకోసారి కడుక్కుంది.

మంగళవారం తనిఖీ అధికారి పదకొండింటికి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. ముందు హాల్లో, నిమ్మవాసనలో, మేనేజరు ఇచ్చిన కాఫీ తాగుతూ గంటసేపు కూర్చున్నాడు. వెనక్కి వచ్చేటప్పటికే ఆయన కాగితంలో సగం నిండి ఉంది. ఎర్ర సంచులు కనబడగానే చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. కోడలు గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆయన ఆమె వంక చూడలేదు. ఎవరి లైసెన్సు తీయాలో ఆ మనిషి మొహం చూడాలన్న నియమం ఎక్కడా లేదు మరి.

పిన్ని అప్పటికే బండి పెట్రోలు ట్యాంకు దించి, సెలైను సీసాలో పెట్రోలు పోసి, పైన మేకుకు వేలాడదీసి, సన్న గొట్టంతో కార్బొరేటర్‌కు కలిపి పెట్టింది. ఇప్పుడు ఆ చిన్న గొట్టం ఎవరికైనా కనబడుతుంది. ఎంత లావు వేలైనా అందుతుంది. దాని మూతి బోసిగానే ఉంది.

మేనేజరు అది చూసి ఒక అడుగు ముందుకేశాడు. "పిన్నీ, క్యాపు..."

పిన్ని కిక్కు కొట్టింది. బండి షెడ్డు రేకులు అదిరేలా అరిచింది. అధికారి రెండడుగులు వెనక్కి వేశాడు.

"యాక్సిలరేటర్ ఎవరూ పట్టుకోలేదయ్యా" అని అరిచి చెప్పింది పిన్ని. "చేతులు చూడండి. ఇప్పుడు మీ బొటనవేలు ఈ కంత మీద పెట్టండి."

ఆయన అనుమానంగా వంగి, వేలు పెట్టాడు. బండి టక్కున దిగి మెల్లగా కొట్టుకోసాగింది. వేలు తీశాడు. మళ్లీ అరిచింది. పెట్టాడు, దిగింది. తీశాడు, అరిచింది. ఆయన మొహంలోకి గిలక దొరికిన పసిపిల్లవాడి నవ్వొచ్చింది.

"భలే ఉందే!"

"అదేనయ్యా జరిగింది. గేటు దగ్గర మా కోడలు చెయ్యి వదిలేసింది. బండే వదల్లేదు."

పిన్ని ఇంజను ఆపింది. ఆయన నవ్వు కూడా ఆగింది. గొంతు సవరించుకున్నాడు. "సరే. సాంకేతికంగా కొంత లోపం ఉండొచ్చు. అయినా రైడరు అప్రమత్తంగా ఉండాల్సింది. ఒక మనిషి చెయ్యి విరిగింది." కాగితం తీశాడు. పెన్ను తీశాడు. మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. కోడలు గోడ మీద అరచెయ్యి గట్టిగా ఆనించింది.

పెన్ను కాగితానికి తగలకముందే ఆయన ఆగాడు. పెన్ను బొటనవేలికి అంటుకుపోయింది. లాగితే నల్ల తీగ సాగింది. చేతిరుమాలుతో తుడిచాడు. రుమాలూ అంటుకుంది.

"ఏంటిది? ఏంటీ జిగురు?"

"కరిగిపోయిన రబ్బరయ్యా. క్యాపుకు బదులు పెట్టిన బుడ్డి."

"ఏ బుడ్డి?"

పిన్ని బల్ల కింద ఉన్న పాలిథిన్ సంచి తీసి బల్ల మీద బోర్లించింది. శనివారం వచ్చినవి. బుడ్డీలు నలుదిక్కులా దొర్లాయి. గోధుమ మరకలు, ఒకదాని అంచున ఎర్రగా తడి. ఒక బుడ్డి దొర్లుకుంటూ వెళ్లి ఆయన పెన్నుకు తగిలి ఆగింది.

"రక్తం చుక్కలు వేసే గొట్టాలవి. వాడేసినవి. కడిగి పెడుతున్నా."

ఆయన తన బొటనవేలి వంక చూసుకున్నాడు. మొహం పాలిపోయింది. "ఎవరిదీ రక్తం?"

"ఎవరిదో. ఊరందరిది."

ఆ తర్వాత జరిగింది రైడర్లు ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు. ఆయన చెయ్యి దూరంగా చాచి పట్టుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తాడు. సబ్బు అడిగాడు. స్పిరిటు అడిగాడు. మళ్లీ సబ్బు అడిగాడు. ముందు హాల్లోకి పోయి తనకు రక్తపరీక్ష చెయ్యమన్నాడు. ఏదో ఒకటి కాదు, బోర్డు మీద రాసి ఉన్నవన్నీ. సూది గుచ్చుతుంటే, "కొత్త సూదే కదా?" అని మూడుసార్లు అడిగాడు. తిరిగొచ్చి, నిలబడే, పెన్ను కాగితం చిరిగేంత గట్టిగా నొక్కుతూ రాశాడు. ముసలాయన మణికట్టు విరిగితే కదలని పెన్ను, ఆడమనిషి లైసెన్సు పోతుంటే కదలని పెన్ను, తన బొటనవేలికి అంటిన జిగురుకు కదిలింది.

"ఎవరు మొదలుపెట్టారు ఈ దరిద్రం?" అని అరిచాడు.

మేనేజరు పిన్ని వంక చూశాడు. తాళాల బాబాయి తాళంచెవుల వంక చూసుకున్నాడు.

"నేనేనయ్యా" అంది పిన్ని. "మొదటిది నేనే పెట్టా. ఒక్క సాయంత్రానికని. తర్వాతవన్నీ పెట్టమంటే పెట్టా. పోయిన బుధవారం సంతకం బండి చూడకుండా జ్వరంలో పెట్టా. అవన్నీ రాయండి. ఆ పిల్ల తప్పు మాత్రం రాయకండి. బీరువాలో నాలుగేళ్లుగా ఎండిన క్యాపులున్నాయి, అవి కూడా రాయండి."

రాశాడు. కోడలి కార్డు ఆ వారమే తిరిగొచ్చింది. కేసు కంపెనీ మీదికి తిరిగింది. తాత వైద్యం కంపెనీయే చూసుకోవాలన్నారు. రిపోర్టు నకలు ఒకటి రైడర్లకు దొరికితే పిన్ని కోడలిచేత చదివించుకుంది. 'ఈ పద్ధతి తనిఖీకి వచ్చే అధికారుల ఆరోగ్యానికి తీవ్ర ప్రమాదకరం' అని ఉంది. ఏడేళ్లు ఉత్త చేతులతో ఆ పని చేసిన మనిషి ఆరోగ్యం గురించి ఒక్క ముక్క లేదు.

"మళ్లీ చదువు" అంది పిన్ని. కోడలు మళ్లీ చదివింది. ఎంత చదివినా అందులో పిన్ని చేతులు రాలేదు.

పది రోజుల్లో కొత్త క్యాపులు వచ్చాయి. మెత్తగా, నల్లగా, నొక్కితే నొక్కుకుని మళ్లీ లేచేవి. కొత్త మెకానిక్ కూడా వచ్చాడు. మంచివాడే గానీ వేళ్లు అరటికాయల్లా ఉన్నాయి. అందుకని క్యాపులు పిన్నినే తొడగమన్నారు. రెండు రోజులు కూర్చుని, ఒక్కో గొట్టం మీది జిగురు గీరి, శుభ్రంగా తుడిచి, ఇరవై ఆరు బండ్లకూ తొడిగింది. ఇరవై ఆరోది అయ్యాక మేనేజరు వచ్చి ఒక కవరు చేతికిచ్చాడు. 'నిబంధనలకు విరుద్ధమైన సామగ్రి వాడినందుకు' ఆమెను రేపటినుంచి రావద్దన్నారు. మేనేజరును మాత్రం ఏ కవరూ తాకలేదు. ముందు పని చేయించుకుని తర్వాత కవరు ఇవ్వాలన్న తెలివి ఆయనకు ఎవరూ ఫొటో వెయ్యకుండానే వచ్చింది.

పిన్ని కవరు మడిచి జాకెట్టులో పెట్టుకుంది. నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లి, తన ఫొటోకు గుచ్చిన గుండుసూదులు గోటితో ఒక్కొక్కటే పీకింది. ఏడేళ్లకు ఫొటో అంచులు పచ్చబడ్డాయి. కొంగు వంకరగానే ఉంది. వెనక తలుపు తీసుకుని వెళ్లి, ఆ ఫొటోను ఎర్ర సంచుల గుట్టలో, మూతి కట్టని సంచిలోకి పడేసింది. ఆ వారం కూడా వ్యాను రాలేదు. గోధుమ నీళ్లు బెంచీ కింద అలాగే ఉన్నాయి.

కోడలు బండి తెచ్చి గేటు దగ్గర ఆపింది. "ఎక్కత్తా. ఇంటికి పోదాం. చేతులు కడుక్కున్నావా?"

"కడుక్కుంటే పోయేదైతే ఎప్పుడో పోయేది."

"నా నడుం పట్టుకోకు అయితే. కొత్త చొక్కా."

"పడితే నీ జుట్టే పట్టుకుంటా, నడుపు."

దారిలో ఆసుపత్రి గేటు. కాపలా తాత చేతికి తెల్లటి కట్టుతో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. స్పీడ్ బ్రేకర్ కనబడగానే కోడలు యాక్సిలరేటర్ వదిలింది. వెనక కూర్చున్న పిన్ని ఊపిరి బిగబట్టి విన్నది. ఇంజను మెత్తగా దిగింది. బండి నెమ్మదిగా గట్టెక్కి దిగింది.

తాత మాత్రం వాళ్లను చూడగానే లేచి, బాగున్న చేత్తో కుర్చీని రెండడుగులు వెనక్కి లాక్కున్నాడు.